గూబల గుంతలోకి దింపిన తూక్కు

మునెమ్మత్త కర్మలు ముగిసి అందరూ బయల్దేరుతుంటే మా తమ్ముడు నా చేతిలో ఒక గుడ్డసంచి పెట్టాడు. "అత్త నీకే ఇయ్యమనిందక్కా," అన్నాడు. చీరలేమో అనుకున్నాను. ఆమెకు ఉన్నవే నాలుగు చీరలు, అవీ ఉతికి ఉతికి వెలిసిపోయినవి. బస్సులో కూర్చున్నాక విప్పి చూస్తే ఇత్తడి తూక్కు. పట్టుకుని పోవడానికి పైన వంపు పిడి, గట్టి మూత, లోపల మజ్జిగకు ఒక చిన్న గిన్నె. కేజీఎఫ్‌లో గనిలోకి దిగే ప్రతి మనిషి చేతిలోనూ ఇలాంటిది ఒకటి ఉండేది, తమిళులు తూక్కు అంటే మేమూ తూక్కు అన్నాం. మూత తీసి వాసన చూశాను. చింతపండుతో తోమిన ఇత్తడి వాసన తప్ప ఏమీ లేదు. అయినా గబుక్కున మూత పెట్టేశాను. అరవై దాటిన దాన్ని, దయ్యాలూ లేవు గియ్యాలూ లేవని మనవరాలికి రోజూ చెప్పే దాన్ని, ఒక గిన్నెను చూసి జడుసుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఈ గిన్నె చాలా రోజులు గూబల గుంతలోకి తాడు మీద దిగింది. ఒక్కసారి తప్ప, దిగిన ప్రతిసారీ ఎవరో తిని మిగిల్చిన ముద్దతో పైకి వచ్చింది. నేను పక్కనే నిలబడి కళ్ళారా చూశాను.

మా తాత నంగలి అవతలి పల్లె నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాడు. ఆ బంగారం మా ఇంటికి మాత్రం అవ్వ ముక్కుపుడకను మించి రాలేదు. లైనింట్లో ఉండేవాళ్ళం. ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు, ఈ ఇంట్లో తిరగమాత పెడితే ఆ ఇంట్లో తుమ్మేవాళ్ళు. మాకు గోడ గడియారం లేదు, గని సైరనే గడియారం. అది కూసిందంటే అవ్వ ఎసట్లో రాగిపిండి పోసేది. నాయన చెల్లెలు మునెమ్మత్త, ఆమె మొగుడు చెంగల్రాయ మామ మాతోనే ఉండేవాళ్ళు. నాయన, మామ ఒకే షిఫ్టు. ఇద్దరూ ఇంట్లోకి అడుగుపెడితే ముందుగా వాసన వచ్చేది, పేలుడు మందు పొగ, చెమట, తడి రాయి కలిసిన వాసన. ఒక్కోసారి కింద ఎంతో లోతున బండ పేలేది. పైన మా అటక మీద గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడుకు లైను లైనంతా ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గడపల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు.  కాసేపు చూసి, ప్రమాదం సైరన్ కూయకపోతే, ఏమీ జరగనట్టు మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేవాళ్ళు. ఇప్పుడు నా ఫ్లాట్‌లో పైవాళ్ళు కుర్చీ జరిపితే నా కాళ్ళు వాటంతట అవే తలుపు దగ్గరికి పోతాయి. ఏం చేసేది, పుట్టుకతో వచ్చిన బుద్ధి.

మా లైన్లలో ఒక కట్టుబాటు ఉండేది. గనిలోకి తీసుకుపోయిన రాగిముద్దను మొత్తం తినకూడదు. ఎంత ఆకలేసినా ఒక పిడచ మిగిల్చి తూక్కులో పెట్టుకుని ఇంటికి తేవాలి. అన్నం మిగిల్చినవాడు ఆ అన్నం కోసమైనా పైకి వస్తాడని, గిన్నె ఊడ్చి తిన్నవాడికి ఇంక ఇంటితో పని లేదని గని అనుకుంటుందట. ఎవరు పెట్టారో తెలియదు, తమిళుల ఇళ్ళలోనూ మా ఇళ్ళలోనూ ఒకటే. ఆ మిగులు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. గట్టిపడిపోయి, గని వాసన కొట్టే ఆ పిడచకు ఏం రుచి ఉండేదో గానీ, హోటలు మైసూర్‌పాకు కూడా దాని ముందు దిగదుడుపే. చెంగల్రాయ మామ పిల్లలు లేనివాడు. అందుకని తన మిగులంతా నాకే. "మా కోడలికి గని పలారం తెచ్చినాను," అని అరిచి మరీ ఇచ్చేవాడు. నాయన అట్లా కాదు. లోపల కట్టుబాటు తప్పేవాడు కాదు గానీ ఇంట్లో తింటే మాత్రం గిన్నెలో మెతుకు మిగలదు. చివర మజ్జిగ పోసి, వేలితో చుట్టూ తిప్పి, కడిగి తాగేసి, మజ్జిగ గిన్నెను దాంట్లోనే బోర్లా పెట్టేవాడు. "నా కొడుకు తిన్న గిన్నె తోమితే చింతపండు దండగ," అనేది అవ్వ.

ఒకనాడు అటక మీద గిన్నెలు గలగలమని ఆగలేదు, కింద పడ్డాయి. సైరన్ కూసింది. సాయంత్రానికి నాయన వచ్చాడు, మామ రాలేదు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారట. నాయన నీళ్ళకని నాలుగడుగులు ఇటు వచ్చాడట, ఆ వెనకే పైబండ కూలిందట. చీకట్లో రాళ్ళ మధ్య చాలాసేపు పడి ఉంటే ఎవరో లాగారట. మామ ఉన్న చోటికి దారి లేదు. తవ్వితే ఇంకా కూలుతుందని, మిగతావాళ్ళ ప్రాణాలకే ముప్పని, ఆ వైపు గోడ కట్టి మూసేశారు. నాయన మళ్ళీ గనిలోకి దిగలేదు. పైన పని ఇచ్చారు. చీకటంటే ఆయనకు ఎంత భయం పట్టుకుందంటే, పట్టపగలు కూడా వెలుతురు లేని మూలగదిలోకి పోవాలంటే నన్ను ముందు పంపేవాడు. అంత పెద్ద మనిషి నా భుజం పట్టుకుని నడిచేవాడు. ఆ వేళ్ళ పట్టు నాకు ఇప్పటికీ భుజం మీద ఉంది.

మునెమ్మత్త ఏడవలేదు. అదే అవ్వకు భయం. నంగలి వైపు నుంచి పెద్దమనుషులు వచ్చి, శవం దొరక్కపోయినా దర్భతో బొమ్మ చేసి కర్మ చేద్దామన్నారు. అత్త గడపలో నిలబడి, "ఆయన తూక్కు యాడ?" అని అడిగింది.  "తూక్కులో మిగులు పెట్టుకోనుంటాడు. మిగులు పెట్టుకున్నోడు వస్తాడు. ఎవురన్నా నా గాజుల మీద చెయ్యేస్తే చూడండి ఇంగ," అనింది. వాళ్ళు కండువాలు దులుపుకుని బస్సెక్కారు. కొన్నాళ్ళకు అత్త తన ముద్దను, మామకు రెండోదిగా ఉండిన ఈ ఇత్తడి తూక్కులో పెట్టుకుని, బావి చేంతాడు భుజానేసుకుని బయల్దేరింది. ఒంటరిగా పంపడానికి మనసొప్పక అవ్వ నన్ను వెంట తోలింది.

మా లైన్లు దాటి, బంగారం తీసేసిన మట్టి పోసిన తెల్లటి సైనైడు దిబ్బల వెనక్కి పోతే బండల మధ్య ఒక లోయ ఉంది. దాన్ని గూబల గుంత అనేవాళ్ళం. దొరలు రాకముందు, మోటార్లూ, మనుషుల్ని గనిలోకి దింపే బోన్లూ లేని రోజుల్లో, ఎవరో ఉలీ సుత్తీ పట్టుకుని బంగారం కోసం తొలిచిన చోటు. చుట్టూ నిట్టనిలువుగా నల్లబండలు, మధ్యలో సీతాఫలం పొదలు, ఎక్కడ పడితే అక్కడ బొక్కలు. కొన్ని మోకాలి లోతు, కొన్నిట్లో రాయి వేస్తే చప్పుడే రాదు. అన్నిటికన్నా పైన, చదునైన బండలో ఒక నిలువు గుంత. దాంట్లోంచి ఎప్పుడూ వెచ్చటి గాలి వచ్చేది. ఎండలో ఆ గాలి తెలియదు గానీ, మబ్బు పట్టి చలేసినప్పుడు ముఖం పెడితే ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టే ఉండేది. ఆ గాలిలో తడి రాయి వాసన, దాని వెనక సన్నగా మందు పొగ వాసన. నా భ్రమేనేమో, చెప్పలేను. అత్త మాత్రం ఆ గుంత మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆ గాలి పీల్చి, "చూడు పాపా, మీ మామ షిఫ్టు దిగొచ్చిన వాసన," అనింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మూత తీసిన తూక్కును తాడుకు కట్టి దింపేది. తాడు సడలేదాకా వదిలి, గుంతలోకి మాట్లాడేది. "ఏమయ్యో, ముద్ద దింపినాను. ఉప్పు సరిగ్గుండాదో లేదో చూడు. అన్న బాగుండాడు. అమ్మకే మోకాళ్ళు నొప్పి. నువ్వు నిదానంగా రా, తొందరేమీ లేదు." పక్కింటివాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడినట్టే, గొంతులో ఏ తేడా లేదు. అది వింటుంటే నాకు ఏడుపూ భయమూ కలిసి వచ్చేవి. పొద్దు వాలేదాకా కూర్చుని పైకి లాగేది. ముద్ద సగానికి పైగా పోయి ఉండేది. ఒక్కసారి కూడా పూర్తిగా పోలేదు. అడుగున ఒక పిడచ, మామ మిగిల్చినంత పిడచ, ఎప్పుడూ ఉండేది. మజ్జిగ మాత్రం దింపింది దింపినట్టే వచ్చేది. మామకు మజ్జిగ గిట్టదు, పడిశం పడుతుందని ముట్టేవాడు కాదు. అత్త ఆ పిడచను కళ్ళకద్దుకుని తినేది. ఆ రోజుకు అదే ఆమె తిండి.

ఇంట్లో కొలిచి వండుకునే రోజులు. ఆమె తన వంతు ముద్దనే గుంతకు ఇచ్చి మిగులు తింటోందని అవ్వకు తెలిసేసరికి అత్త ఎముకల గూడైపోయింది. జ్వరాలు పట్టుకున్నాయి. మందిస్తే వాంతి. ఆస్పత్రిలో, ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని చెప్పారు. అవ్వ నాయన మీద పడింది. "ఎలకలు కొరికింది తింటాదిరా అది! చెప్పరా దానికి, నువ్వన్నా చెప్పరా!" నాయన తల వంచుకుని, "చెప్పినానమ్మా. ఆ గుంతకూ మన గనికీ యాడ సంబంధం అని కూడా చెప్పినా. 'ఎలుక మిగిలిస్తాదా అన్నా?' అంటాది. దానికి నేనేం చెప్పేది?" అన్నాడు. తాడు దాచారు. అత్త చీర చించి తాడు పేనుకుంది. గదిలో పెట్టి గడియ వేశారు. తలుపుకేసి తల కొట్టుకుంటే మళ్ళీ వదిలేశారు. చచ్చినవాణ్ణి చూసి ఏడవడం ఎవరికైనా వస్తుంది, చావలేదనే మనిషిని ఎట్లా ఓదార్చాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

అత్త పైన మాట్లాడుకుంటుంటే నేను ఊరికే కూర్చోగలనా? కాలు నిలవని పిల్లని. లోయలో దిగి ఒక్కో బొక్కా చూసేదాన్ని. గోడల మీద ఉలి గీతలు నిన్న కొట్టినట్టుండేవి. ఒకరోజు సీతాఫలం పొదల వెనక, బండ కింద, పాక్కుంటూ పోగలిగే ఒక దారి కనిపించింది. పోయాను. వంగి, మోకాళ్ళ మీద, తర్వాత పొట్ట మీద. లోపల వెచ్చగా ఉంది. ఒక మలుపు తిరిగేసరికి పైనుంచి సన్నటి వెలుతురు, ఆ వెలుతురులో ఒక రాతి అరుగు, ఆ అరుగు మీద అత్త తూక్కు! తాడు పైకి పోతోంది. ఎక్కడి నుంచో అత్త గొంతు, "ఉప్పు చాలిందా?" అని. అరుగు పక్కన ఇంకా కిందికి దిగిపోయే నలుపు ఉంది. వెచ్చటి గాలి దాంట్లోంచి వస్తోంది. ఆ నలుపులో ఏదో కదిలిందో, నా కళ్ళే కదిలాయో, వెనక్కి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. మోచేతులు చెక్కుకుపోయాయి.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆయన కొట్టలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, "యాడుండాది ఆ దారి? మనిషి పట్టేంత ఉండాదా?" అని అడిగాడు. ఉందన్నాను.  తర్వాత చిన్నపిల్లవాడు అడిగినట్టు, "లోపల శానా చీకటా పాపా?" అన్నాడు. "శానా చీకటి నాయనా," అన్నాను.

తర్వాత కొద్ది రోజులకే అది జరిగింది. ఎప్పటిలాగే అత్త పొద్దు వాలుతుంటే తాడు లాగింది. తూక్కు తేలిగ్గా, గాలికి ఊగుతూ పైకి వచ్చింది. లోపల చూసింది. పిడచ లేదు. ఏమీ లేదు. నున్నగా ఉంది. మజ్జిగ గిన్నె దాంట్లోనే బోర్లా ఉంది. నేను బిక్కచచ్చిపోయాను. ఊడ్చి తిన్నవాడు ఇంటికి రాడని నాకు కూడా తెలుసు కదా. అత్త తూక్కును ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వేలు పెట్టి అడుగున రాసి, ఆ వేలిని చాలాసేపు చూసింది. ఒకసారి గుంత వైపు చూసింది. ఆ తర్వాత బండ మీద రెండు చేతులూ కొట్టింది. పచ్చ గాజులు పగిలి గుంతలో పడ్డాయి. పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. కొంగుతో బొట్టు తుడుచుకుంది. తాళి తీసి కొంగున ముడేసుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు బండలకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగి వచ్చింది. నేను చెవులు మూసుకున్నాను.

ఆమె బతికింది. గనులు మూతపడ్డాక అందరం తలో దారి అయ్యాం. అత్త మా తమ్ముడితో క్యాసంబళ్ళి చేరి, సంత దగ్గర ముద్ద హోటలు పెట్టుకుంది. "సాకప్పా", ఇంక చాలు అన్నా వినకుండా ఇంకో ముద్ద వడ్డించే మనిషని పేరు. పోయే ముందు నేను చూడబోయినప్పుడు మంచం పక్కన ఈ తూక్కు ఉంది. ఇన్నేళ్ళుగా నోట్లో నానుతున్న మాట అడిగేశాను.

"అత్తా, ఆ పొద్దు ముద్దంతా ఎట్ల పోయింది?"

ఆమె నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "మీ నాయన తిన్యాడు."

"ఏమంటావత్తా?"

"మజ్జిగ పోసి కడిగి తాగినాడు గదా పాపా. గిన్నె బోర్లా పెట్టినాడు గదా. అన్న తిన్న గిన్నె నాకు తెలీదా? కూడా పుట్టినదాన్ని, చిన్నప్పట్నుంచీ ఆయన గిన్నెలు నేనే గదా ఎత్తింది." కాసేపు ఆయాసపడింది. "మూలగదిలోకి పోలేనోడు. నా కోసరం ఆ బొక్కలోకి పోయినాడు. చీకట్లో కూసోని ముద్ద మింగినాడు. అట్లాంటోడు, మీ మామ రాడని గిన్నెతో చెప్పినాక ఇంగ నేను వినకుంటే మనిషినా?"

 నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఒక్కరోజు కూడా ఆ ఊసెత్తలేదు. ఆ దారి చూపించింది నేనే, ఆ గిన్నె చూసిందీ నేనే, అయినా ఆ రెండూ నా మట్టి బుర్రలో అతకలేదు. మజ్జిగ మాట అందరి కన్నా బాగా తెలిసినదాన్ని, ఖాళీ గిన్నెను చూసిన భయంలో అదొక్కటీ నాకు కనపడలేదు.

"అయితే అంతకు ముందు తిన్నవి ఎలకలేనా?" అన్నాను.

అత్త గోడ వైపు తిరిగింది. "అందురూ అదే అంటారు. అన్నా అదే అన్యాడు. కానీ ఎలుక మిగిలిస్తాదా పాపా? దినమూ ఒక పిడచ, దినమూ అంతే. నువ్వు సదువుకున్నదానివి, చెప్పు." 

తూక్కు చేతికొచ్చాక మొన్న కేజీఎఫ్ పోయాను. సైరన్ లేదు. మా లైనులో సగం ఇళ్ళకు కప్పులు లేవు. తెల్లారకముందే జనమంతా రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారట, చేతుల్లో ప్లాస్టిక్ డబ్బాలు. మా ఇంట్లో మనవరాలి డబ్బా ఖాళీగా రాకపోతే అందరం కలిసి దాన్ని తిడతాం. అప్పుడు ఖాళీగా వస్తే ఇల్లాలి గుండె ఆగేది. ఆండర్సన్‌పేటలో ఒక మెస్సులో ఈ తూక్కులోనే ముద్ద, మజ్జిగ పెట్టించుకుని గూబల గుంతకు నడిచాను. పైగుంత మీద ఎవరో సిమెంటు పలక వేశారు. కింది దారి సీతాఫలం పొదల వెనక అట్లాగే ఉంది, ఫోను లైటు వేసుకుని దూరాను. మోకాళ్ళు మొత్తుకున్నాయి. మలుపు దాకా పోగలిగాను. పైన మూసేశారు కాబట్టి ఇప్పుడక్కడ వెలుతురు లేదు. గాలి మాత్రం అదే, వెచ్చగా, ఊపిరిలాగా. నాయనకు ఎట్లా ఉండిందో చూద్దామని లైటు ఆర్పాను. పట్టుమని నాలుగు ఊపిర్లు కూడా ఉండలేకపోయాను. మా నాయన ఇక్కడ కూర్చుని, ముద్దను నిదానంగా తిని, ఎక్కడ ఆదమరిచాడో, ఇంట్లో మాదిరే మజ్జిగతో గిన్నె కడుక్కుని తాగాడు. పైన చెల్లెలు మొగుడితో మాట్లాడుతూ ఉండింది. ఆ మాటలన్నీ ఆయన వినే ఉంటాడు. బయటికి వచ్చి బండ మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత ఆకలేసి ముద్ద తిన్నాను. చూసుకుంటే అడుగున ఒక పిడచ మిగిల్చి ఉన్నాను, నాకు తెలియకుండానే. ఆ పిడచతోనే మూత పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

బస్సులో ఆనాటి సాయంత్రం గుర్తొచ్చింది. అత్తా నేనూ గుంత నుంచి వచ్చేసరికి అవ్వ కూతురి బోడి చేతులు చూసి కూలబడిపోయింది. ఆ తర్వాత కాసేపటికి నాయన వచ్చాడు. చొక్కా మోచేతుల దగ్గర చినిగి, నెత్తిన మట్టి. ఎవరినీ చూడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకుని కంచంలో ముద్ద పెట్టింది. "నాకొద్దమ్మా," అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట మేమెవరం ఎప్పుడూ వినలేదు. అత్త లేచి వచ్చి ఆ కంచం తన ముందుకు లాక్కుంది. "నాకు పెట్టమ్మా, ఆకలిగా ఉండాది," అనింది. ఒక కబళం మింగి, తలెత్తి నాయనను చూసింది.

"కడుపు నిండిందా అన్నా?"

నాయన గోడకు ఆనుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నిండిందమ్మా," అన్నాడు.

ఇంకా తిననే లేదు కదా, అత్త అట్లా అడుగుతుందేమిటి అనుకున్నాను నేను. అత్త తల వంచుకుని ఆ ముద్ద మొత్తం తినింది. చివర మజ్జిగ పోయించుకుని, వేలితో చుట్టూ తిప్పి, కంచం కడుక్కుని తాగింది.